ఒకటిన్నర ఔన్సు

నజారియో సెపేదా ఎడమ గ్లవ్ లోపల ఉండాల్సిన గుర్రపు వెంట్రుకలు సగం లేవు.

కాటా మీద పెట్టినప్పుడే అనుమానం వచ్చింది. కుడిది ఎనిమిది ఔన్సులకు పిసరంత తక్కువ తూగింది. ఇరవై రెండేళ్ళు ఎండిన తోలు కాబట్టి ఆ మాత్రం తగ్గుతుంది. ఎడమది ఆరున్నర దగ్గర ఆగిపోయింది. కాటా చెడిందేమోనని తూకపు గుండు పెట్టి చూశాను. కాటా నిక్షేపంగా ఉంది. మణికట్టు వైపు నుంచి నాలుగు వేళ్ళ మేర కుట్టు విప్పి, లోపలికి వేలు పెట్టాను. వేలు నేరుగా పిడికిలి తోలుకు తగిలింది. మధ్యలో మెత్త లేదు.

మెత్త తీసేసిన గ్లవ్‌తో కొడితే అవతలివాడికి తగిలేది ఎముక.

ఈ గ్లవ్స్‌తోనే 1983 నవంబరులో నజారియో పనామా వాడు అల్సీదెస్ మోరాన్‌ని తొమ్మిదో రౌండులో పడగొట్టి ఫెదర్‌వెయిట్ ఛాంపియన్ బెల్టు నిలబెట్టుకున్నాడు. పడగొట్టింది ఎడమ చేత్తో. మోరాన్ కుడికంటికి చూపు మళ్ళీ రాలేదు.

అప్పుడు టైము ఉదయం తొమ్మిదింబావు. సాయంత్రం నాలుగింటికి ఈ గ్లవ్స్‌ని పేట మొత్తం చూస్తుండగా మళ్ళీ తూచబోతున్నారు.

మా గెర్రేరో పేటలో మూడు నెలలుగా ఒకటే గొడవ. 1985 భూకంపంలో కూలిన అపార్ట్‌మెంట్ స్థలంలో కార్పొరేషన్ వాళ్ళు కొత్త వ్యాయామశాల కట్టారు. దానికి ఎవరి పేరు పెట్టాలి? ఈ పేట ఇద్దరు ఫెదర్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్లను కన్నది. ఒకరు హెనారో బర్రగాన్. అవతలివాణ్ణి గడియారం విప్పినట్టు ఒక్కో మరా విప్పేవాడని ఆయన్ని ‘గడియారం’ అనేవాళ్ళు. రెండు విడతలుగా తొమ్మిదేళ్ళు ఏలాడు, పద్నాలుగు సార్లు బెల్టు కాపాడుకున్నాడు, నాలుగు సార్లు ఓడిపోయాడు. ఇప్పుడు అరవై ఆరేళ్ళు, తన జిమ్ తను నడుపుకుంటున్నాడు. రెండోవాడు ఆయన దగ్గరే నేర్చుకున్న నజారియో. మూడేళ్ళు ఛాంపియన్. ఒక్కసారి కూడా ఓడలేదు. కూలిన ఆ అపార్ట్‌మెంట్ కింద పడి చనిపోయేనాటికి అతనికి ఇరవై అయిదేళ్ళు.

మొక్కజొన్న తమాలేలు అమ్మే బండి దగ్గర పొద్దున్నే పంచాయితీ మొదలయ్యేది.

“తొమ్మిదేళ్ళెక్కడ, మూడేళ్ళెక్కడ? లెక్కలు రావట్రా నీకు?”

“నాలుగు ఓటములెక్కడ, సున్నా ఎక్కడ? నీకొచ్చా?”

“వాడు ముసలాడయ్యేదాకా కొట్లాడితే తెలిసేది.”

“బతికుంటే కదరా ముసలాడయ్యేది! బతికుంటేనా, గడియారాన్ని ముల్లుతో సహా మింగేసేవాడు.”

నిశ్చితార్థం అయిన ఒక జంట ఈ వాదనతోనే విడిపోయిందని కూడా చెప్పుకున్నారు. అది నిజమో కాదో నాకు తెలియదు. చివరికి ముగించింది బర్రగానే. పోయిన నెల సభలో లేచి నిలబడి, “కుర్రాడికి ఇచ్చెయ్యండి” అన్నాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. కార్పొరేషన్ ఆఫీసరు ఉరూతియా అక్కడికక్కడే నజారియో పేరు రాసేసుకున్నాడు. వేడుక సెప్టెంబరు పంతొమ్మిదిన, అంటే ఈ రోజే. భూకంపానికి సరిగ్గా ఇరవై ఏళ్ళు. నజారియో తల్లి దోన్యా తియోదోరా, ఎనభై దాటిన మనిషి, పేరు మీది తెర తీస్తుంది. దానికి ముందు జనానికి సరదాగా ఉంటుందని ఉరూతియా ఒక ఆట పెట్టాడు. బాక్సర్లను పోటీకి ముందు తూచినట్టు ఇద్దరి గ్లవ్స్‌నీ కాటా మీద పెట్టి, బరువు మైకులో చదువుతారట.

అందుకే రెండు జతలూ శుభ్రం చెయ్యమని నిన్న నా షాపుకి పంపారు. గ్లవ్స్ కుట్టడం మా నాన్న మకారియో పని. ఆయన పోయాక అది నాదైంది.

గ్లవ్‌లోకి దీపం పెట్టి చూశాను. కుట్టు రెండో చివర, అస్తరు మడతలో, బియ్యపు గింజంత సిలువ కనిపించింది.

గ్లవ్ మూసే చివరి కుట్టు దగ్గర ఆ సిలువ వెయ్యకుండా మా నాన్న ఏ గ్లవ్‌నీ గడప దాటనిచ్చేవాడు కాదు. కుట్టేవాడు అది మర్చిపోతే వేసుకున్నవాడు ఇంటికి తిరిగి రాడని ఆయన నమ్మకం. బయటివాళ్ళకి ఆ సిలువ సంగతి తెలియదు. పైగా ఈ జత కుట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. పోటీకి వారమే ఉందని ఇద్దరం చెరొకటి పట్టుకున్నాం. కుడిది నేను కుట్టాను. ఎడమది నాన్న కుట్టాడు.

తలుపు గంట మోగింది. ఎడమ గ్లవ్‌ని గభాలున గుడ్డ కింద తోశాను.

వచ్చింది ఫిదెన్సియో, బర్రగాన్ కొడుకు. బూట్ల దుకాణం నడుపుతాడు. మూడు నెలలుగా తండ్రి పేరు పెట్టాలని గోడ గోడకీ కాగితాలు అంటించినవాడు.

“ఏంటి ఒతీలియక్కా, దెయ్యాన్ని చూసినట్టున్నావ్?” అన్నాడు.

“నిన్నే చూశాను. కూర్చో.”

“కూర్చునే టైము లేదు. మా నాన్న గ్లవ్స్ ఇచ్చెయ్. మా ఆవిడ వాటికి రిబ్బను కడుతుందట. ఓడిపోయినోడికి అలంకారం ఎక్కువ కదా!” కౌంటరు మీదికి వంగి గుడ్డ వైపు చూశాడు. “అదేంటి, ఎడమది ఖాళీ సంచిలా చతికిలబడింది?”

“అస్తరు ఆరబెడుతున్నాను.”

“ఆరబెట్టు, ఆరబెట్టు. తూచావా?”

“నాలుగింటికి తూస్తారుగా.”

“మా నాన్నవి ఇప్పుడే తూచుకో అక్కా. రెండూ ఎనిమిదే. మా నాన్న నాలుగు సార్లు ఓడిపోయాడేమో గానీ దొంగ దెబ్బ కొట్టలేదు.”

“ఎవరు కొట్టారన్నారు?” అన్నాను.

“మాటవరసకి అన్నానక్కా. చచ్చినోణ్ణి అనకూడదు, బతికున్నోణ్ణి అనకూడదు. ఇంక నోరున్నది దేనికి?” తండ్రి గ్లవ్స్‌ని కాగితం సంచిలో వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “మూడున్నరకి వస్తా. నజారియోవి సిద్ధంగా పెట్టు. ఎంతైనా వాడు మా ఇంట్లో తిన్న కుర్రాడు. నా చేత్తోనే తీసుకెళ్తాను.”

వీడికి తెలుసా? తెలిసే అన్నాడా? గ్లవ్స్ ఇరవై ఏళ్ళుగా వీళ్ళ జిమ్‌లోనే, దేవమాత గ్వాదలూపే అమ్మ పటం ముందు అద్దాల బీరువాలో ఉన్నాయి. భూకంపం అయిన వారానికి దోన్యా తియోదోరా తన చేత్తో తెచ్చి అక్కడ పెట్టింది. తాళం చెవి మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఎవరైనా తియ్యొచ్చు. కానీ ఆ సిలువ ఎవరైనా వెయ్యలేరు.

షాపు తలుపు మూసి గడియ పెట్టాను.

నా ముందు రెండు దారులున్నాయి. వెనక గదిలో బస్తాడు గుర్రపు వెంట్రుకలున్నాయి. ఒకటిన్నర ఔన్సు లోపల కూరి కుట్టేస్తే నాలుగింటికి కాటా ఎనిమిది చూపిస్తుంది, జనం చప్పట్లు కొడతారు, దోన్యా తియోదోరా తెర తీస్తుంది. అరగంట పని. లేకపోతే ఉన్నది ఉన్నట్టు పంపాలి. అప్పుడు నజారియో దొంగ. ఆ దొంగతనం కుట్టిన చెయ్యి మా నాన్నది. మోరాన్ కన్ను తీసింది వాళ్ళిద్దరూ కలిసి.

నేను మొదటి దారే పట్టాను. ఆ సంగతి దాచను. బస్తా విప్పి గుప్పెడు వెంట్రుకలు తీశాను, చిక్కు తీశాను, సగం కూరాను కూడా. కుట్టు కోసం పాత రంధ్రాలు వెతుకుతూ భూతద్దం పెట్టుకున్నాను.

అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.

తోలు కొత్తగా, నూనె మీద ఉన్నప్పుడు తోలు కుట్టే ఆరె గుచ్చితే గుండ్రటి నున్నటి రంధ్రం పడుతుంది. ఎండిపోయిన తోలులో గుచ్చితే అంచు చిట్లుతుంది, సన్నటి నెర్రెలు పాకుతాయి. కుడి గ్లవ్ రంధ్రాలన్నీ గుండ్రంగా ఉన్నాయి. ఎడమ దానిలో రెండు వరసలున్నాయి. ఒక వరస గుండ్రంగా, ఖాళీగా ఉంది. దాని పక్కనే వెంట్రుక వాసి దూరంలో రెండో వరస, ప్రతి రంధ్రం చుట్టూ నెర్రెలు. దారం ఉన్నది ఈ రెండో వరసలోనే. ఇంకోటి చూశాను. నజారియో చెమట మరక అస్తరు మీద గోధుమరంగు గీతలా ఆరిపోయింది. పాత రంధ్రాల లోపల ఆ రంగు ఉంది. కొత్తవాటి లోపల తోలు పచ్చిగా, పాలిపోయి ఉంది.

ఈ కుట్టు 1983లో వేసింది కాదు. నెల కూడా కాలేదు.

కుర్చీలో కూలబడి ఏడ్చాను. నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. తర్వాత మొహం కడుక్కుని, కూరిన వెంట్రుకలు బయటికి లాగేసి, మళ్ళీ భూతద్దం పట్టాను.

కుట్టు వాలు చూశాను. మన కుట్టు మన చేతివాటం చెప్పేస్తుంది. కుడిచేత్తో కుట్టేవాడి పోగులు ఒక వైపు వాలతాయి, ఎడమచేత్తో కుట్టేవాడివి రెండో వైపు. ఇవి రెండో వైపు వాలాయి.

మా నాన్న దగ్గర సిలువ వెయ్యడం నేర్చుకున్నవాళ్ళు నేను కాక నలుగురు. ఇద్దరు చనిపోయారు. ఒకడు తిహువానాలో తోలు జీన్లు కుట్టుకుంటున్నాడు, పదేళ్ళుగా ఈ ఊరు రాలేదు. నాలుగోవాడు పదిహేనేళ్ళ వయసులో రెండేళ్ళు మా ఇంట్లో తిని, మా బల్ల మీద కుట్టి, తర్వాత కుట్టడం మానేసి కొట్టడం మొదలుపెట్టాడు. “వీడి పని అద్దంలో చూసి కుట్టినట్టుంటుంది” అని నాన్న తిట్టేవాడట. రింగులో కూడా ఆ ఎడమచేతి వాటమే ఆయనకి ప్రపంచం మీద పేరు తెచ్చింది.

ప్రతి రంధ్రమూ మళ్ళీ మళ్ళీ చూసేసరికి టైము రెండు దాటింది. ఎడమ గ్లవ్‌ని సంచిలో వేసుకుని పరుగులాంటి నడకతో జిమ్‌కి వెళ్ళాను.

జిమ్‌లో ఎవరూ లేరు. అందరూ వేడుక దగ్గర కుర్చీలు వేస్తున్నారు. బర్రగాన్ మాస్టారు వెనక గదిలో నల్ల సూటు వేసుకుని, బల్ల ముందు కూర్చుని, చేతులకు కట్టే గుడ్డ పట్టీలను ఒక్కొక్కటిగా చుట్ట చుడుతున్నాడు.

“రా ఒతీ. కుండలో కాఫీ ఉంది, దాల్చినచెక్క వేశాను. పోసుకో.”

“మాస్టారూ, ఈ ఎడమది విప్పింది మీరు.”

ఆయన చెయ్యి ఆగలేదు. పట్టీ బిగుతుగా చుట్టుకుపోతూనే ఉంది. “ఏం ఎడమది?”

గ్లవ్ తీసి బల్ల మీద పెట్టాను. రంధ్రాల సంగతి చెప్పాను. చెమట రంగు చెప్పాను. కుట్టు వాలు చెప్పాను. ఆయన అంతా విన్నాడు. రింగు మూలలో కూర్చుని ట్రైనర్ మాట విన్నట్టే, కళ్ళు ఎటో పెట్టి విన్నాడు.

“లోపల సిలువ ఉందా?” అన్నాడు.

“ఉంది.”

“ఎవరి సిలువ?”

గ్లవ్‌ని ఆయన నా వైపు తోశాడు.

“ఈ పేటలో ఎవర్నడిగినా ఏమంటారు? మకారియో కుట్టిన గ్లవ్, మకారియో వేసిన సిలువ అంటారు. మరి నా దగ్గరికెందుకొచ్చావమ్మా? సమాధి దగ్గరికి వెళ్ళు.”

చెంప మీద కొట్టినట్టయింది. పదేళ్ళప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని ఊరేగింపు చూపించిన మనిషి ఆయన.

“మా నాన్న మీకు అన్నం పెట్టాడు మాస్టారూ.”

“పెట్టాడు. చేతి మీద కర్రతో కూడా కొట్టాడు. రెండూ గుర్తున్నాయి.”

“నాలుగింటిదాకా టైముంది. మీరే చెప్పండి. లేకపోతే నేను చెప్తాను.”

“చెప్పు.” మొదటిసారి నా మొహంలోకి చూశాడు. “కానీ ఒక్క ప్రశ్నకి జవాబు దగ్గర పెట్టుకుని చెప్పు. కుర్రాడి పేరు పెట్టమని అందరికంటే ముందు నిలబడ్డది నేను. నాకు పేరే కావాలంటే ఆ రోజు నోరు మూసుకుని కూర్చుంటే వచ్చేది. ఇంక నాకెందుకీ పని?”

గ్లవ్‌ని మళ్ళీ సంచిలో వేసుకున్నాను. ఆ జవాబు కోసం వచ్చేటప్పుడు దారి పొడుగునా వెతికాను. దొరకలేదు.

“కాఫీ చల్లారిపోతోంది” అన్నాడు, ఇంకో పట్టీ అందుకుంటూ.

మూడున్నరకి ఫిదెన్సియో వచ్చి జత తీసుకెళ్ళాడు. విప్పిన నాలుగు వేళ్ళ కుట్టు మాత్రం మూసి ఇచ్చాను. లోపల ఒక్క వెంట్రుక కూడా చేర్చలేదు. చేరిస్తే నేనూ ఆయన పక్కనే కూర్చున్నట్టు. సంచి ఊపుతూ నడుస్తున్న ఫిదెన్సియో వెనకే నేనూ నడిచాను.

కొత్త వ్యాయామశాల ముందు వీధి నిండిపోయింది. మేడల మీద, బండ్ల మీద, కరెంటు స్తంభాల దిమ్మల మీద జనమే. వేదిక మీద తెర కప్పిన పలక, దాని పక్కన గ్లవ్స్ తూచే పాత ఇత్తడి కాటా ఉన్నాయి. ముందు వరసలో దోన్యా తియోదోరా నల్ల శాలువా కప్పుకుని, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. ఆమె పక్కనే బర్రగాన్. ఆమె ఆయన మోచేయి పట్టుకుని ఉంది.

ఉరూతియా మైకు అందుకున్నాడు. “పేట జనులారా! నా ఎడమ వైపు మూలలో... గడియారం బర్రగాన్!”

బర్రగాన్ గ్లవ్స్‌కి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. విప్పి, ఒకదాని తర్వాత ఒకటి పెట్టారు. “ఎనిమిది! ఎనిమిది!” జనం హోరెత్తారు.

“కుడి వైపు మూలలో... ఓటమి ఎరగని మన నజారియో సెపేదా!”

కుడిది పెట్టారు. “ఎనిమిదికి పిసరు తక్కువ! ఎండలో చిక్కిపోయాడు పాపం!” నవ్వులు వినిపించాయి.

ఎడమది పెట్టారు. ఉరూతియా వంగి చూశాడు. కాటా ముల్లును వేలితో కదిపాడు. మళ్ళీ చూశాడు. మైకు తెరిచే ఉందన్న సంగతి మర్చిపోయి, “ఆరున్నర ఏంటయ్యా?” అన్నాడు.

ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బాక్సింగు ఎరిగిన ఒక ముసలి గొంతు అరిచింది. “మెత్త తీసేశార్రా!”

“ఎవర్రా అన్నది? దిగిరా!”

“దిగేదేంటి, కాటా చెప్తోందిగా! పనామావాడి కన్ను ఊరికే పోయిందా?”

“ఆ రోజు పోటీకి ముందు తూచినవాళ్ళు గుడ్డివాళ్ళా?”

“తూచినోడికి టెకీలా పోసుంటారు!”

ఒక సీసా వచ్చి వేదిక మెట్ల మీద పగిలింది. నేను ఫిదెన్సియో మొహం చూశాను. నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. సంచి చేతిలోంచి జారిపోయిన సంగతి కూడా తెలియలేదు. వాడికేమీ తెలియదు.

వేదిక ఎక్కాను. మైకు లాక్కుని, కుట్టు కొత్తదని, తోలు చిట్లిందని, చెమట రంగు లేదని గబగబా చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేకపోయాను. దోన్యా తియోదోరా చెయ్యి ఇంకా ఆయన మోచేతి మీదే ఉంది.

“ఎడమది ఎవరు కుట్టారమ్మా అప్పుడు?” అని కింద నుంచి ఒకడు అడిగాడు.

“మా నాన్న.”

“ఇంకేం! నాన్నని వెనకేసుకురాక ఏం చేస్తావు!”

“కూతురే సాక్షి, కూతురే జడ్జి! బాగుంది వరస!”

ఉరూతియా నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. నుదుటి మీద చెమట. “ఈ పరిస్థితిలో... విచారణ జరిగేదాకా... తెర తియ్యడం వాయిదా...”

అప్పుడు దోన్యా తియోదోరా కర్ర ఊనుకుని లేచింది. ఆమె లేవడానికి చాలాసేపు పట్టింది. ఆ చాలాసేపట్లో ఒక్కొక్క వరసే నోరు మూసుకుంది. ఆమె కాటా వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. పక్కనున్న మనిషి వైపు తిరిగింది. మైకు లేకపోయినా ఆమె గొంతు అందరికీ వినిపించింది.

“మాస్టారూ, ఆ రాత్రి మూలలో మీరున్నారు. నా బిడ్డ చేతులకి ఇవి తొడిగింది మీరు. ఇంతమంది ఇన్ని అంటున్నారు, నాకు ఇవేవీ తెలియవు. మీరు చెప్పండి. వాడు దొంగ అని మీరంటే, దొంగే అనుకుని ఇంటికి పోతాను. వాడి పటం కూడా గోడ మీంచి తీసేస్తాను. కాదంటే కాదు. మీ మాటే నాకు చాలు.”

బర్రగాన్ కూర్చునే ఉన్నాడు. ఆయన రెండు చేతులూ తొడల మీద పిడికిళ్ళుగా బిగుసుకున్నాయి. ఎనిమిది, తొమ్మిది అని రిఫరీ పైనుంచి లెక్కపెడుతున్నట్టు తల కొంచెం వంచాడు. తర్వాత లేచాడు. మెట్లెక్కి వచ్చి, ఉరూతియా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. కోటు లోపలి జేబులోంచి ముడి వేసిన చేతిరుమాలు తీసి, కాటా మీద, ఎడమ గ్లవ్ పక్కన పెట్టాడు. ముడి వదులై నల్లటి గుర్రపు వెంట్రుకలు బయటికొచ్చాయి. కాటా ముల్లు కదిలి ఎనిమిది దగ్గరికి వెళ్ళింది.

“తియోదోరమ్మా, కూర్చో. నీ కాళ్ళు నొప్పెడతాయి” అన్నాడు. “నీ కొడుకు దొంగ కాదు. మకారియో కూడా కాదు. ఒతీలియా చెప్పింది నిజం. పోయిన మంగళవారం పొద్దున, ఫిదెన్సియో దుకాణానికి పోయాక, బీరువా తీసింది నేను. గ్వాదలూపే అమ్మ పటం మీద తువ్వాలు కప్పి మరీ తీశాను. పారెయ్యడానికి చెయ్యి రాక ఈ వెంట్రుకలు జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. సిలువ కూడా నేనే వేశాను. వెయ్యకుండా మూద్దామనుకున్నాను, నా వల్ల కాలేదు. ఎడమదే ఎందుకంటే నాకు తెలీదు, చెయ్యి దాని మీదికే పోయింది. ఎందుకు చేశావని మీరడుగుతారు. మధ్యాహ్నం ఈ అమ్మాయిని నేనే అడిగాను, నాకెందుకీ పని అని. మీరు నన్ను నాలుగు సార్లు ఓడిపోగా చూశారు. లాస్ ఏంజిలిస్‌లో ఓడిపోయి వచ్చినప్పుడు ఈ వీధిలోనే టమాటాలు విసిరారు, నేనేమీ అనుకోలేదు. గెలిచినప్పుడు మోసింది కూడా మీరే. కానీ ఇరవై ఏళ్ళుగా ప్రతి శనివారం, డొమినో బల్ల దగ్గర, నేను వింటున్నానని తెలిసి కూడా, ‘బర్రగాన్ గొప్పోడే గానీ కుర్రాడు బతికుంటేనా’ అంటారు. బతికుంటేనా! మోరాన్‌తోనైనా, ఇంకెవడితోనైనా నేను పదిహేను రౌండ్లు నిలబడగలను. ఆ ‘బతికుంటేనా’తో ఎన్ని రౌండ్లు నిలబడాలి నేను? అది అలిసిపోదు, దానికి మోకాళ్ళు నొప్పెట్టవు. పేరు వాడికివ్వమని మనసారానే అన్నాను. వాడికి చేతులెలా ఎత్తాలో నేర్పింది నేను, వాడంటే నాకు ఫిదెన్సియో కంటే ఎక్కువ, వీడు వింటున్నా చెప్తున్నాను. అయినా ఒక్కసారి, ఒక్కసారే, వాడు కూడా మీ అందరి ముందూ ఓడిపోతే చూడాలనిపించింది. అంతే. ఇందాక మీరు దొంగ దొంగ అని అరిచారు చూడండి, అప్పుడు చూశాను. నాకేమీ బాగుండలేదు. ఆఫీసరు గారూ, తెర తియ్యనివ్వండి. నన్ను తర్వాత ఏం చేస్తారో చెయ్యండి. తియోదోరమ్మా, ఆ రాత్రి గ్లవ్స్ తొడిగి తాళ్ళు కట్టేముందు వాడి రెండు చేతులూ నా అరచేతుల్లో పెట్టుకుని ఎత్తి చూశాను, నాకది అలవాటు. ‘బరువెంత మాస్టారూ?’ అని నవ్వాడు. రెండూ ఒకటే బరువున్నాయమ్మా.”